పద్నాలుగో గడి

పటాల గది, నీటి సరఫరా కార్యాలయం
మార్చి 3

అమ్మమ్మకి,

నీ సిపాయి క్షేమం. కళ్ళజోడు మార్చావా? ఫోను చేద్దామనుకున్నాను గానీ, "ఫోనులో చెప్పినదానికి నకలు ఉండదు" అంటావని కాగితం తీశాను.

ఆఫీసులో ఒక వార్త ఉంది. లేచి తిరగకుండా కూర్చుని చదువు. ఏ వీధి కింద ఏ వాల్వు ఉందో చూపించే పటాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. రెండు వేల మూడు వందల షీట్లు, ఐదేళ్ళుగా నేను కాపలా కాస్తున్నవి. గొట్టం పగిలిందని కబురు వస్తే షీటు తీసి, "పాల డిపో గోడ నుంచి తూర్పుకి పదకొండు అడుగులు, రెండో మూత ఎత్తండి" అని చెప్పడం నా పని కదా. ఇకమీదట ఒక మీట నొక్కితే చాలట. అందుకని మా విభాగంలో నలభై ఆరుగురిలో తొమ్మిది మందిని తగ్గిస్తున్నారు. సర్వీసు తక్కువ ఉన్నవాళ్ళు ముందు పోతారు. జాబితా గోడకి అంటించారు. కింది నుంచి తొమ్మిదో పేరు నాది.

పదో పేరు గొడుగు గారిది. చెప్పాను కదా, ఎండైనా వానైనా, ఆఖరికి గదిలో పటాలు దులిపేటప్పుడైనా చంకలో గొడుగు దించని మా పక్క సీటాయన. నాకంటే నాలుగు నెలల ముందు చేరాడు. "నాలుగు నెలల తేడాతో గట్టెక్కానమ్మాయ్, నీ మొహం చూడ్డానికి నాకే సిగ్గేస్తోంది" అన్నాడు. నాకోసం టీ తెచ్చి బల్ల మీద పెట్టి, కంగారులో తనే తాగేశాడు.

నువ్వు మాత్రం కంగారు పడకు. మంచు కొండ మీద వైర్‌లెస్ పెట్టె వీపున మోసినదాన్ని, ఇంకో ఉద్యోగం మోయలేనా?

నీ సిపాయి


ముందు గది, కిటికీ పక్క బల్ల
మార్చి 7

సిపాయికి,

ఆశీస్సులు. నీ మూడో తేదీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. కళ్ళజోడు మార్చాను. చెప్పినట్టే కూర్చుని చదివాను. తరువాత నిలబడి ఇంకోసారి చదివాను, కూర్చుంటే కోపం సరిగ్గా రాలేదు.

నువ్వు ఆ జాబితాలో ఉండటానికి వీల్లేదు. ముప్పై నాలుగేళ్ళు సిబ్బంది విభాగంలో సర్వీసు రిజిస్టర్లు రాసిన చేత్తో చెబుతున్నాను. సైన్యం నుంచి వచ్చి ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవారికి సైన్యంలో గడిపిన కాలం సర్వీసులో కలుస్తుంది. సిబ్బందిని తగ్గించవలసి వస్తే ఆ హోదాలో మిగతావారందరూ పోయిన తరువాతనే వారి వంతు. ఇది ఎవరి దయా కాదు. నీ ఈడువాళ్ళు ఆఫీసుల్లో చేరి వరుసలో ఒక్కొక్క అడుగే ముందుకు జరుగుతుంటే, నువ్వు ఎనిమిదేళ్ళ నాలుగు నెలల పదకొండు రోజులు అసలు వరుసలోనే లేవు. నిన్ను పంపినవాళ్ళు నీ చోటు పట్టి ఉంచాలి కదా. ఆ నిబంధనలో ఉన్నదంతా ఇంతే.

సర్వీసు రిజిస్టరులో పద్నాలుగో గడి "పూర్వ సైనిక సేవ". నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను, నాలుగింటికీ జవాబు రాయి. ఆ గడిలో ఏముంది? ఖాళీగా ఉంటే పక్కన ఎవరైనా ఏమైనా రాశారా? నిన్ను ఏదైనా కాగితం అడిగారా, అడిగితే ఏ తేదీన? అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు ఎప్పటిదాకా?

మోయగలనని గొప్పలు పోకు. మోయగలిగినంత మాత్రాన ప్రతి బరువూ ఎత్తుకోనక్కర్లేదు.

అమ్మమ్మ


పటాల గది
మార్చి 14

అమ్మమ్మకి,

రిజిస్టరు చూశాను. బీరువా పై అరలోంచి నా ఫైలు దింపి, దుమ్ము దులిపి చేతికిచ్చింది ఎవరనుకున్నావు? గొడుగు గారు. ఆ గడి నిండితే తొమ్మిదో పేరు తనదవుతుందని ఆయనకి తెలుసు. తెలిసే ఇచ్చాడు. "నా గొడుగు నీకు పట్టలేనమ్మాయ్. కానీ నీకు అడ్డం పెట్టను" అన్నాడు.

పద్నాలుగో గడి ఖాళీగా ఉంది. పక్కన పెన్సిలుతో "అసలు పత్రం సమర్పించలేదు" అని ఉంది. చేరిన కొత్తలో, సైన్యం నుంచి విడుదలైనట్టు ఇచ్చిన పత్రం అసలుది చూపించమని నోటీసు పంపారట. నేను చూపించలేదు. అంతే. నా నిర్లక్ష్యం. నోటీసు అందినా తొంభై రోజుల్లో చూపించకపోతే హక్కు పోతుందని హెడ్ క్లర్క్ చెప్పాడు. ఏప్రిల్ 12న విచారణ, అదే ఆఖరి గడువు. వెళ్ళి తప్పు నాదేనని ఒప్పుకుని వచ్చేస్తాను.

బస్సు కంపెనీలో రేడియో గదికి మనిషి కావాలట. పని నాకు కొత్తది కాదు, "ఓవర్, ఓవర్" అనడమేగా. జీతం కొంచెం తక్కువ, పింఛను లేదు. మిగతాదంతా బాగానే ఉంది.

నీ కిటికీ తలుపు గాలికి ఇంకా కొట్టుకుంటోందా? నేను వచ్చి కొక్కెం బిగిస్తాను.

నీ సిపాయి


ముందు గది
మార్చి 18

సిపాయికి,

"చూపించలేదు. అంతే" అని రాశావు. నీ ఇష్టం వచ్చిన చోట "అంతే" అనేస్తే విషయం అయిపోతుందా? ఐదేళ్ళ ఉద్యోగం, దాని వెనక ఎనిమిదేళ్ళ మంచు, దాని ముందు ఇరవై ఏళ్ళ పింఛను, అన్నిటినీ ఒక "అంతే"తో కట్టి మూల పడేశావు. సైన్యంలో బూట్లు మెరవకపోతే శిక్ష వేసేవారన్నావే, ఇంత కాగితం మరిచిపోతే ఏం వేసేవారు? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. నువ్వు ఆకులు కూడా వద్దంటున్నావు.

నిన్ను నేను ఇలా పెంచలేదు. రెండో తరగతిలో రబ్బరు పోగొట్టుకుని వస్తే, ఎక్కడ పోయిందో గుర్తొచ్చేదాకా గడపలోనే నిలబెట్టాను. ఇంకాసేపు నిలబెట్టవలసింది.

నువ్వు చేరేటప్పుడు అధికారి ధ్రువీకరించిన నకలు నీ చేతికిచ్చి పంపింది నేనే. అసలుది నా పెట్టెలో కవరులో భద్రంగా ఉంది. అసలు కాగితం ఇల్లు దాటకూడదన్నది నా నియమం. మా ఆఫీసులో ఒక వాచ్‌మన్ అసలు పత్రం ఇచ్చాడు, అది ఏ బీరువాలో కలిసిపోయిందో తెలియలేదు, పింఛను కోసం ఆరేళ్ళు తిరిగాడు. ఆ ఆరేళ్ళూ నా బల్ల ముందుకే తిరిగాడు కనుక నేను మరిచిపోలేదు. మా రోజుల్లో ధ్రువీకరించిన నకలు చాలేది. చాలదని నీకు నోటీసు వస్తే, నన్ను ఒక్క మాట అడగడానికి నీకేమైంది?

ఇంకొకటి. నాలుగు ప్రశ్నలు అడిగాను. నోటీసు తేదీ రాయలేదు. రాయి.

కిటికీ కొట్టుకుంటోంది. దాని సంగతి తరువాత.

అమ్మమ్మ


పటాల గది
మార్చి 24

అమ్మమ్మకి,

తిట్లు అందాయి. రెండు పేజీలు, కొట్టివేతలు లేవు. నువ్వు ఆరోగ్యంగా ఉన్నావని ధైర్యం వచ్చింది.

నోటీసు తేదీ సరిగ్గా చూడలేదు. ఫైలు మళ్ళీ పై అరలోకి వెళ్ళిపోయింది, ఊరికే అడిగితే హెడ్ క్లర్క్ విసుక్కుంటాడు. తేదీ ఏదైతే ఏముంది, తప్పు మారదుగా. విచారణకి ముందు రాతపూర్వకంగా వాంగ్మూలం ఇవ్వమన్నారు, వచ్చే వారంలోగా. "నోటీసు నాకు అందింది, నేనే పట్టించుకోలేదు" అని రెండు వాక్యాలు రాసి ఇస్తే అయిపోతుంది.

నిన్న ఆస్పత్రి వెనక వీధిలో పెద్ద గొట్టం పగిలింది. కంప్యూటరు కుర్రవాళ్ళు ఇద్దరూ తెర ముందు తలలు పట్టుకుని కూర్చున్నారు, వాళ్ళు ఎక్కించిన పటంలో ఆ వాల్వు ఒక ఇంటి వంటగదిలో ఉంది. నేను పాత షీటు తీసి సరైన చోటు చెప్పాను. గొడుగు గారు చప్పట్లు కొట్టబోయి గొడుగు నా కాలి మీద పడేశాడు. నవ్వుకున్నాం.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి.

నీ సిపాయి


ముందు గది
మార్చి 29

సిపాయికి,

వాంగ్మూలం ఇవ్వకు. ముందు ఈ మాట చదివి, తరువాత మిగతాది చదువు.

నిన్న రెండుసార్లు ఫోను చేశాను. నువ్వు ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో కూడా తెలుసు, నోటితో నాకు అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. కాగితం మీద మాత్రం బాగా నేర్చుకున్నావు.

"సరిగ్గా చూడలేదు" అన్న మాట దగ్గర నాకు అనుమానం వచ్చింది. పదకొండు అడుగులు, రెండో మూత అని కంఠతా చెప్పే పిల్ల తేదీ చూడలేదా? చూసింది, చెప్పడం లేదు. నాకే ఎందుకు చెప్పడం లేదు? అప్పుడు లేచి, నేను పంపిన ఉత్తరాల నకళ్ళ పుస్తకం తీశాను. నువ్వు ఉద్యోగంలో చేరిన సంవత్సరం, అరవై ఒకటో ఉత్తరం. జూలై 13.

ఆ నోటీసు నీకు రాలేదు. శాశ్వత చిరునామా అని నా ఇంటికి వచ్చింది. అప్పుడు నువ్వు నది అవతలి పంపుహౌసులో మూడు నెలల శిక్షణలో ఉన్నావు. జూలై 12న అందుకున్నట్టు సంతకం చేసింది నేను. కవరు చింపింది నేను. నీకు ఒక్క ముక్క చెప్పకుండా మర్నాడే జవాబు రాసింది కూడా నేనే. ధ్రువీకరించిన నకలు చాలుననీ, అసలు పత్రం పంపబోమనీ రాశాను. వాళ్ళు తిరిగి ఏమీ రాయలేదు. నాకు ఎదురు చెప్పలేక ఒప్పుకున్నారని అనుకుని పుస్తకం మూసేశాను.

నిబంధన అప్పటికి రెండేళ్ళ కిందటే మారిందట. ఈ రోజు గ్రంథాలయానికి వెళ్ళి చూసి వచ్చాను. నేను ఉద్యోగం మానిన తరువాత కూడా నిబంధనలు మారతాయన్న ఆలోచన నాకు రాలేదు.

నువ్వు ఆ ఫైలులో నా ఉత్తరం చూశావు. అవునా, కాదా? ఒక్క మాటలో రాయి.

పద్దెనిమిదో తేదీ ఉత్తరంలో రాసిన ప్రతి మాటా వెనక్కి తీసుకుంటున్నాను. రబ్బరు సంగతి తప్ప.

అమ్మమ్మ


పటాల గది
ఏప్రిల్ 1

అమ్మమ్మకి,

అవును.

ఫైలు తెరవగానే చూశాను. నీ చేతిరాత చీకట్లో కూడా గుర్తుపడతాను. చదివి మూసేశాను. గొడుగు గారు "ఏమ్మా, తేలు కుట్టినట్టు అలా అయ్యావు?" అన్నాడు. దుమ్ము అన్నాను.

వాంగ్మూలం ఇరవై ఆరో తేదీనే ఇచ్చేశాను. వారం ఆగితే నీ ఉత్తరం వచ్చి నన్ను పట్టేస్తుందని భయపడి ముందే ఇచ్చాను. ఇందాక వెళ్ళి వెనక్కి ఇమ్మంటే హెడ్ క్లర్క్ ముద్ర చూపించాడు. "ఇది కుక్కపిల్ల కాదమ్మా పిలిస్తే రావడానికి" అన్నాడు.

నీకు నిజం చెప్పేస్తాను. నీ ఉత్తరం ఆఖరి వాక్యం నీకు గుర్తుందా? "మీ కార్యాలయానికి నిబంధనలు తెలియకపోవడం విచారకరం." దాని పక్కన హెడ్ క్లర్క్ ఎర్ర సిరాతో రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు. విచారణలో దాన్ని పైకి చదువుతారు. విచారణాధికారి ఎవరో తెలుసా? ఇరవై ఏళ్ళ కిందట నీ దగ్గర పని నేర్చుకున్న గుమాస్తా. మా ఆఫీసులో ఇప్పటికీ ఎవరైనా తప్పు రాస్తే "ఆ మేడమ్ ఉంటే చేతి మీద స్కేలు పడేది" అని చెప్పేది ఆయనే. ఆయన ముందు, ఆ బల్ల మీద, నీ వాక్యం చదివి పదిమంది నవ్వడం నేను వినలేను. ఉద్యోగం ఇంకొకటి దొరుకుతుంది. నిన్ను చూసి ఎవరూ నవ్వకుండానే ఇన్నేళ్ళు గడిచాయి, అలాగే ఉండనీ.

ఇంకా పదకొండు రోజులే. ఇక్కడితో వదిలేద్దాం అమ్మమ్మా.

నీ సిపాయి


ముందు గది
ఏప్రిల్ 5

సిపాయికి,

వదలను.

నీ ఉద్యోగం పోతే నాకు గౌరవం మిగులుతుందని ఎవరు చెప్పారు నీకు? నాకు కాపలా ఉండమని నీకు ఎవరూ డ్యూటీ వేయలేదు.

నిబంధన మళ్ళీ చదివాను, ఈసారి కొత్తది. నోటీసు ఉద్యోగి చేతికి స్వయంగా అందితేనే తొంభై రోజుల లెక్క మొదలవుతుంది. అందుకున్న సంతకం నాది కనుక నీ లెక్క ఇంకా మొదలే కాలేదు. నువ్వు నోరు మూసుకుంటే నీ హక్కు పోతుంది, నేను నోరు తెరిస్తే ఉంటుంది. నా తప్పే నీకు ఆధారం. దాన్ని దాచిపెట్టి నువ్వు బాగుచేసింది ఏమీ లేదు.

పదకొండో తేదీ ఉదయం బస్సుకి వస్తున్నాను. అసలు పత్రం నాతోనే వస్తుంది, జాకెట్టు లోపలి జేబులో కుట్టుకున్నాను. నకళ్ళ పుస్తకం కూడా తెస్తున్నాను, అది సంచిలో. సాయంత్రం నాలుగుంబావుకి బస్సు చేరుతుంది. ఆలస్యంగా రాకు. ఏడుస్తూ అసలు రాకు.

అమ్మమ్మ


ముందు గది
ఏప్రిల్ 15

సిపాయికి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన రొట్టె సగం తిన్నాను, సగం పక్క సీటు పిల్లకిచ్చాను.

మనిద్దరినీ విడివిడిగా పిలిచారు కనుక, నువ్వు బయట బెంచీ మీద ఉండగా లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. దారిలో అడిగావు, చెప్పలేదు. బస్సు స్టాండులో చెప్పే సంగతి కాదు.

నేను లోపలికి వెళ్ళగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. "కూర్చోండి, విచారణలో అధికారి లేవకూడదు" అన్నాను. కూర్చున్నాడు. జుట్టంతా నెరిసింది, చెవులు మాత్రం అలాగే ఎర్రబడ్డాయి. నా ఉత్తరం చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. ఆఖరి వాక్యానికి ముందు ఆగి, "ఇంతవరకు చాలు మేడమ్" అన్నాడు.

"చాలదు. మొత్తం చదవండి. నమోదు కావాలి."

చదివాడు. హెడ్ క్లర్క్‌కి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. టైపు చేసే అమ్మాయి తల వంచుకుంది.

"నిబంధనలు తెలియనిది మీ కార్యాలయానికి కాదు, నాకు. ఆ అమ్మాయికి నోటీసు సంగతే తెలియదు. నేను చెప్పలేదు. ఆమె సంతకం ఎక్కడా లేదు, చూసుకోండి" అన్నాను.

ఆయన "జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టు కాదని మాకు నేర్పింది మీరే మేడమ్" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. బాధగానే అన్నాడు.

"నేర్పాను. నేను పాటించలేదు. అది కూడా రాసుకోండి" అన్నాను.

రాసుకున్నాడు. కింద సంతకం చేశాను. పత్రం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూసినంతసేపు కళ్ళార్పకుండా నేనూ చూశాను, తిరిగి ఇచ్చాడు.

వాళ్ళు నవ్వారు, అవును. నువ్వు భయపడినంత పెద్ద నవ్వేమీ కాదు. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకున్నాను. ఎప్పుడూ ఉన్నంత ఎత్తే ఉన్నాను.

నువ్వు కొనిచ్చిన కొక్కెం నేనే బిగించుకున్నాను. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

అమ్మమ్మ


పటాల గది
ఏప్రిల్ 27

అమ్మమ్మకి,

ఉత్తర్వు వచ్చింది. ముందు అది చెప్పి తరువాత మిగతాది. పద్నాలుగో గడిలో హెడ్ క్లర్క్ నా ఎదురుగా, తన చేత్తో, నల్ల సిరాతో "ఎనిమిది సంవత్సరాల నాలుగు నెలల పదకొండు రోజులు" అని రాశాడు. నా పేరు జాబితాలోంచి కొట్టేశారు.

ఇప్పుడు నా వంతు కథ. నువ్వు బయటికి వచ్చాక నన్ను పిలిచారు. ఆయన ముందు రెండు కాగితాలున్నాయి, నీదొకటి, నాదొకటి.

"నోటీసు అందిందని ఇరవై ఆరో తేదీన రాశావు. అందలేదని ఆవిడ ఇప్పుడు చెప్పారు. ఏది నిజం?"

"ఆవిడ చెప్పింది సార్."

"మరి నువ్వెందుకు రాశావు?"

"ఆవిడ ఉత్తరం అందరి ముందూ చదువుతారని సార్."

"అబద్ధం రాయమని సైన్యంలో నేర్పారా?"

"తోటివాళ్ళని వెనక వదిలేసి రావద్దని నేర్పారు సార్."

ఆయన కిటికీలోంచి బయట బెంచీ వైపు చూశాడు. నువ్వు సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నావు. "ఆవిడ నీకంటే ముందు నడుస్తున్నారు కదమ్మా" అన్నాడు.

అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందుకు రాతపూర్వక హెచ్చరిక వేశారు. అది కూడా ఫైలులోకి ఎక్కింది, మూడేళ్ళు ఉంటుంది. నీకు చెప్పకుండా ఉందామనుకున్నాను. చూశావా, చెప్పేశాను.

ఇంకొక సంగతి రాయడం కష్టంగా ఉంది. తొమ్మిదో పేరు గొడుగు గారిదైంది. నిన్న ఆయన సొరుగు ఖాళీ చేసుకున్నాడు. నేను పక్కన నిలబడి కాగితాలు అందించాను. ఆయనే అన్నాడు: "ఆ రోజు బీరువా తలుపు పట్టేసి ఉంటే బాగుండేదని ఒక్క నిమిషం అనుకున్నానమ్మాయ్. ఒక్క నిమిషమే. నీతో అబద్ధమెందుకు?" ప్రస్తుతానికి తమ్ముడి సైకిల్ దుకాణంలో కూర్చుంటాడట. నా జీతం ఆగలేదుగానీ, నిన్నటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

నీ సిపాయి


ముందు గది
మే 2

సిపాయికి,

ఉత్తర్వు మాట చదివి పక్కింటి డాక్టరమ్మకి కూడా చదివి వినిపించాను. హెచ్చరిక మాట వినిపించలేదు. అది మన ఇంటి సంగతి. అది నీకు పడవలసిందే, పడింది, సరిపోయింది.

గొడుగు గారి విషయం. నీ వల్ల కాదని రాయను, రాస్తే నువ్వు నమ్మవు. ఒకరికి చోటు పట్టి ఉంచితే ఇంకొకరు నిలబడవలసి వస్తుంది. నువ్వు సైన్యంలో ఉన్నన్నాళ్ళూ నిలబడింది నువ్వు, ఇప్పుడు నిలబడింది ఆయన. రెండూ నిజమే. అన్నం మానేస్తే ఆయనకి కుర్చీ రాదు.

ఇలా తీసేసినవారికి రెండేళ్ళలోపు వచ్చే మొదటి ఖాళీ మీద హక్కు ఉంటుంది, కొత్త నిబంధనలోనూ ఉంది, చూశాను. కానీ ఖాళీ వచ్చిందని వాళ్ళ ఇంటికి వెళ్ళి ఎవరూ చెప్పరు. పంపుహౌసు గుమాస్తా నవంబరులో రిటైరవుతాడని నువ్వే అన్నావు. ఆ ప్రకటన గోడకెక్కిన రోజే సైకిల్ దుకాణానికి వెళ్ళి, దరఖాస్తు ఆయన చేత రాయించి, అందినట్టు ముద్ర వేయించి ఆయన చేతిలో పెట్టాలి. ఈ పని నీది. నేను నవంబరు ఒకటిన ఉత్తరం రాసి అడుగుతాను.

ఇక నీకొక ప్రశ్న. ముప్పై రెండేళ్ళుగా నన్ను కాపాడుతూ వచ్చినట్టున్నావు. నేను బాధపడతానని నువ్వు దాచినవి ఇంకా ఏమున్నాయి? వరుస సంఖ్యలు వేసి, తేదీలతో పంపు. ఒక్కటి కూడా వదలకు.

అమ్మమ్మ


పటాల గది
మే 8

అమ్మమ్మకి,

ఆజ్ఞ ప్రకారం సమర్పించుకుంటున్నాను. గొడుగు గారి దుకాణానికి నిన్న వెళ్ళి నవంబరు సంగతి చెప్పాను. ఆయన తలుపుకి సుద్దతో రాసి పెట్టుకున్నాడు. ఆ తరువాత ఇద్దరం అన్నం తిన్నాం.

ఒకటి. నేను సైన్యంలో ఉన్న ఎనిమిది చలికాలాలూ నువ్వు అల్లి పంపిన స్వెట్టర్లు. ఎనిమిదింటికీ ఎడమ చెయ్యి పొట్టి. మణికట్టు గడ్డకట్టేది, జేబులో పెట్టుకుని తిరిగేదాన్ని. మా దళంలో నా పేరు "ఒంటిచెయ్యి". ఎనిమిదీ వేసుకున్నాను, ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు.

రెండు. నేను మొదటి సెలవుకి వచ్చిన రోజు, డిసెంబరు 19. రైలు దిగిన యూనిఫాం పిల్లల్లో వేరే అమ్మాయిని పట్టుకుని ముద్దు పెట్టి, సంచి లాక్కుని బయల్దేరావు. ఆ పిల్ల భయపడి నీ వెంట నడిచింది. నేను పరిగెత్తుకొచ్చి, "ఆటపట్టిద్దామని స్తంభం వెనక దాక్కున్నాను" అన్నాను. దాక్కోలేదు. నీ కళ్ళజోడు అప్పటికే పనికిరాకుండా పోయింది.

మూడు. బట్టలు మడతపెడుతూ నువ్వు పాడే పాట. శ్రుతి ఉండదు. తాతయ్యకి కూడా తెలుసు. నాకు ఆరేళ్ళప్పుడు పెరట్లోకి తీసుకెళ్ళి, "ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. తేదీ గుర్తులేదు. నిజంగానే గుర్తులేదు.

ఇంతకు మించి లేవు.

నీ సిపాయి


ముందు గది
మే 13

సిపాయికి,

జాబితా నిన్న అందింది.

మొదటిది: ఈ ఏడు అల్లుతున్న స్వెట్టరు తీసి టేపుతో కొలిచాను. ఎడమ చెయ్యి అంగుళంన్నర తక్కువ. ఒప్పుకున్నాను. విప్పి మళ్ళీ మొదలుపెట్టాను.

రెండోది: ఆ పిల్ల నడక నీ నడకలా లేదని నాకు అప్పుడే అనిపించింది. అనిపించినా సంచి వదలలేదు. ఎనిమిది నెలలు ఎదురుచూశాక ఎవరో ఒకరు చేతికి దొరికితే వదలబుద్ధి కాలేదు. ఒప్పుకున్నాను.

మూడోది ఒప్పుకోను. సాక్షి లేడు, తేదీ లేదు. విచారణ పెట్టించు. వచ్చి పాడి వినిపిస్తాను.

అమ్మమ్మ